మూడక్షరాల ఉద్యోగం

ఫెబీ ఎంబీఏ పాసైంది. మార్కాపురం చివర, రాతి గనుల వైపు పోయే దారిలో ఉండే చర్చి కాలనీలో ఆ చదువు చదివిన మొదటి పిల్ల ఆమే. పట్టా ఇంటికి వచ్చిన రోజు వాళ్ళ నాయన విశ్వాసం దాన్ని చేతిలోకి తీసుకోబోయి ఆగినాడు. బయటికి పోయి చేతులు కడుక్కొని, లుంగీకి తుడుచుకొని వచ్చినాడు. రాయి పని మాని అప్పటికే చాలా కాలమైంది. అయినా తన చేతులకు దుమ్ము ఉంటుందనే ఆయన నమ్మకం.

"ఇది చదివితే ఏం ఉద్యోగం వస్తాదమ్మా?"

"కంపెనీల్లో మేనేజరు ఉద్యోగాలు నాయనా."

"మేనేజరంటే మనుషుల్ని పనిలో పెట్టుకునేవాడా?"

"అట్లాంటిదే."

విశ్వాసం ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసినాడు. ఆయన్ను పనిలో పెట్టుకున్నవాళ్ళు ఎవరూ ఏనాడూ ఏమీ అడగలేదు. భుజాలు చూసేవాళ్ళు, రేపటి నుంచి రమ్మనేవాళ్ళు.

వాళ్ళ సొంతూరు త్రిపురాంతకం దగ్గర పల్లె. వానలు లేక కూలి దొరకని కాలంలో విశ్వాసం పెళ్ళాం పుష్పమ్మను వెంటబెట్టుకొని మార్కాపురం వచ్చి పలకరాయి షెడ్లలో చేరినాడు. ఆయన రంపం మిషను మీద రాయి కోసేవాడు. ఆమె ఉలి పెట్టి పొరలు చీల్చేది. సాయంత్రం ఇద్దరూ పిండిమరలో పనిచేసి వచ్చినోళ్ళ మాదిరి ఇల్లు చేరేవాళ్ళు. పసిపిల్లగా ఉన్నప్పుడు ఫెబీ నాయన కనురెప్పల మీది దుమ్మును ఉఫ్ఫని ఊది నవ్వేది. తర్వాత ఆయనకు దగ్గు పట్టుకుంది. టీబీ అన్నారు, మందులు వాడినారు, తగ్గలేదు. నాలుగడుగులు నడిస్తే ఆయాసం. పని మానుకున్నాడు. పుష్పమ్మ కూడా షెడ్డు వదిలేసి మిరపకాయల కోతకు, కంది చేలకు పోతూ ఇల్లు నెట్టుకొచ్చింది.

ఫెబీ ఎంబీఏలో చేరింది పెద్ద ఆలోచనతో ఏం కాదు. బీకాం అయిపోయింది. ఐసెట్ రాస్తే సీటు వచ్చింది, ఫీజు ప్రభుత్వం కట్టేది, కాలేజీకి ఇంటి నుంచి పోయి రావచ్చు. అక్కడ లెక్చరర్లు నిలకడగా ఉండేవాళ్ళు కాదు. ఒకాయన పాఠం మొదలుపెడితే ఇంకొకాయన ముగించేవాడు. అయినా ఆ పిల్లకు ఒక పేపరు మాత్రం బాగా పట్టుబడింది. కార్మిక చట్టాలు. ఫ్యాక్టరీలో పనిచేసే మనిషికి తాగే నీళ్ళు, గాలి, వెలుతురు ఇవన్నీ యజమాని ఇచ్చి తీరాలని పుస్తకంలో రాసి ఉంటే, మొదటిసారి చదివినప్పుడు అది వేరే దేశం సంగతి అనుకుంది.

పట్టా పట్టుకొని హైదరాబాదు పోయింది. హాస్టల్లో ఉంటూ కంపెనీల చుట్టూ తిరిగింది. "ఏ కాలేజీ?" అని అడిగేవాళ్ళు. చెప్పేది. అటు తర్వాత అడిగే ప్రశ్నలన్నీ మర్యాద కోసం అడిగేవే. ఒకచోట ఒకామె మెత్తగా చెప్పింది కూడా. "ఎంబీఏలు మాకు రోజూ వస్తారమ్మా. నువ్వు చేయగలిగింది ఏందో చెప్పు." ఏం చేయగలదో ఫెబీకి అప్పటికి తెలియదు, ఎవరూ చేయనివ్వలేదు గనక. చివరికి ఫోన్లు చేసి ప్లాట్లు అమ్మే పనిలో కుదురుకుంది. నాయనకు ఆయాసం ఎక్కువైందని కబురు వస్తే అదీ వదిలి ఇంటికి వచ్చేసింది.

గిద్దలూరులో ఒక బట్టల దుకాణానికి మనిషి కావాలంటే పోయింది. యజమాని పెద్దాయన, మంచివాడే. కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించినాడు.

"ఎంబీఏనా? నాకు చీరలు విప్పి చూపించి మళ్ళీ మడతపెట్టే పిల్ల కావాల తల్లీ. నువ్వు పెద్ద చదువు చదివినావు. ఈ పని నీకు చిన్నతనంగా ఉంటాది, ఇంకోటి దొరకంగానే పోతావు. ఇంటరు చదివినోళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పు."

తిరుగు బస్సులో కంభం దాటేదాకా ఫెబీ కిటికీ వైపే తిరిగి కూర్చుంది. హైదరాబాదులో చాలని చదువు గిద్దలూరులో ఎక్కువైపోయింది.

ఆ తర్వాత వచ్చింది గోవర్ధన్ దగ్గర ఉద్యోగం. గోవర్ధన్‌ది మార్కాపురంలో రాతిబిళ్ళల ఫ్యాక్టరీ. ఇళ్ళ కప్పులకూ గోడలకూ వేసే బిళ్ళలు కోసి విదేశాలకు పంపిస్తాడు. విశ్వాసం పనిచేసింది ఈ షెడ్లలోనే, గోవర్ధన్ తండ్రి కాలంలో. ఇంటర్వ్యూ చాయ్ తాగినంత సేపు కూడా జరగలేదు.

"హెచ్.ఆర్. చదివినావా?"

"అవును సార్."

"ఇంగ్లీషు మాట్లాడతావా?"

"మాట్లాడతాను సార్."

"ఒరిజినల్ పట్టా ఉందా?"

ఇచ్చింది. ఆయన దాన్ని దీపం వెలుగుకు పట్టినట్టు ఎత్తి చూసి, బీరువాలో పెట్టి తాళం వేసినాడు. "ఇక్కడే ఉంటాది. అందరి దగ్గరా అట్లనే పెట్టుకుంటాము. రేపొచ్చి చేరు." ఆ వారంలోనే ఒక చిన్న గదికి రంగులేసి, తలుపు మీద ఆమె పేరు, కింద ఎంబీఏ, దాని కింద హెచ్.ఆర్. మేనేజర్ అని బోర్డు పెట్టించినాడు.

విశ్వాసం తెల్లచొక్కా తొడుక్కొని ఆటోలో వచ్చి ఆ బోర్డు చూసి పోయినాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గేటు దగ్గరే నిలబడి, "కనపడతాంది లేమ్మా" అన్నాడు.

తనను ఎందుకు పెట్టుకున్నారో ఫెబీకి కొద్ది రోజుల్లోనే తెలిసింది. సరుకు కొనే విదేశీ కంపెనీ ఒక షరతు పెట్టింది. కూలీల బాగోగులు చూడటానికి చదువుకున్న మనిషి ఒకరు ఉండాలి, వాళ్ళ తనిఖీ మనుషులు వచ్చినప్పుడు ఆ మనిషే జవాబు చెప్పాలి. మొదటి తనిఖీ వస్తుందన్న పొద్దున అట్టపెట్టెల్లో ముఖానికి కట్టుకునే మాస్కులు దిగినాయి. రంపాల మీద నీళ్ళు పడేటట్టు గొట్టాలు తిప్పినారు. నీళ్ళు పడితే దుమ్ము లేవదు. వచ్చినాయన చూసినాడు, ఫెబీని ఇంగ్లీషులో నాలుగు మాటలు అడిగినాడు. ఆమె కళ్ళ ముందు కనబడేదే చెప్పింది. ఆయన భోంచేసి పోయినాడు. ఆయన కారు రోడ్డెక్కగానే గొట్టాలు కట్టేసినారు. సాయంత్రానికి మాస్కులు మళ్ళీ పెట్టెల్లోకి పోయినాయి.

రంపం దగ్గర పనిచేసే మాలకొండమ్మ మాస్కు తీసి మడిచి ఇస్తూ అడిగింది. ఆమె పుష్పమ్మతో కలిసి పొరలు చీల్చిన మనిషి. గొర్రెలు అమ్ముకున్నాక ఈ పనికి వచ్చింది. ఫెబీ ఆమెను అత్తా అని పిలుస్తుంది.

"పాపా, వాళ్ళు మళ్ళీ ఎప్పుడొస్తారు?"

"ఎందుకత్తా?"

"ఏంలేదు. ఈ పొద్దు కొంచెం ఊపిరాడింది."

మర్నాడు ఫెబీ గోవర్ధన్ దగ్గరికి పోయి, రంపాల మీద నీళ్ళు రోజూ వదలమని అడిగింది. ఆయన కసురుకోలేదు.

"తాగేదానికే ట్యాంకరు కొనే ఊరు ఇది. నీకు తెలియనిదా? రంపాలన్నిటికీ పొద్దస్తమానం నీళ్ళు నేను యాడ తేవాల?"

"వాడిన నీళ్ళే గుంటలో నిలబెడితే బురద అడుక్కు పోతాది సార్. పైన తేరిన నీళ్ళు మళ్ళీ వాడొచ్చు. చాలా చోట్ల అట్లనే చేస్తారంట."

"చూద్దాం. వచ్చే ఏడు చూద్దాం."

ఆ వచ్చే ఏడు రాకముందే విశ్వాసానికి ఊపిరి అందక గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయినారు. అక్కడి డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, పాత మందుల చీటీలన్నీ చూసి, "ఈయన ఏం పని చేసేవాడు?" అని అడిగింది. ఇన్నేళ్ళలో ఆ మాట అడిగిన డాక్టరు ఆమె ఒక్కతే.

"రాయి కోసేవాడండీ" అంది పుష్పమ్మ.

"ఇది టీబీ కాదమ్మా. రాతిదుమ్ము పోయి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. పోయినది వెనక్కు రాదు. ఆయాసం తగ్గేదానికి మందులిస్తాను, ఆక్సిజన్ పెడతాం. అంతకంటే చేయగలిగింది లేదు." తర్వాత ఫెబీ వైపు తిరిగింది. "మీరు చదువుకున్నట్టున్నారు. ఏం చేస్తారు?"

"హెచ్.ఆర్. మేనేజర్నండీ."

"ఎక్కడ?"

ఫెబీ మందుల చీటీలు సర్దుతూ ఉండిపోయింది. పుష్పమ్మే ఆ ఫ్యాక్టరీ పేరు చెప్పి, "వీళ్ళ నాయన పనిచేసిన చోటేనండీ" అంది, కూతురు పెద్ద ఉద్యోగంలో ఉందని చెప్పుకునే తల్లి గొంతుతో.

ఊరికి వచ్చినాక, తర్వాతి తనిఖీ తేదీ తెలిసిన రోజు ఫెబీ గోవర్ధన్ గదిలోకి పోయి తలుపు దగ్గరకి వేసింది.

"సార్, ఈసారి నేను అబద్ధం చెప్పలేను. గుంట తవ్వించండి. సగం రంపాలకైనా నీళ్ళు పెట్టించండి. పని మొదలైంది, ఇంత అయింది, ఇంత కావాల అని ధైర్యంగా చెప్తాను. లేకపోతే లేదనే చెప్తాను."

గోవర్ధన్ కుర్చీ ఆమె వైపు తిప్పినాడు. "నిన్ను ఎవరు పనిలో పెట్టుకున్నారమ్మా? ఈ ఊళ్ళో ఎంబీఏలు వీధికి నలుగురు ఉండారు. సెల్‌ఫోన్ దుకాణాల్లో రీచార్జీలు చేస్తాండారు."

"అట్లయితే నన్నెందుకు పెట్టుకున్నారు సార్?"

"వాళ్ళకు ఆ మూడక్షరాలు కావాల. అంతే. నీ ముందర దాచేదేముంది?"

ఆయన ఎగతాళిగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టే చెప్పినాడు. అందుకే అది ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. గుంట తవ్వించలేదు.

తనిఖీకి ఈసారి చెన్నై నుంచి ఒకామె వచ్చింది. పెట్టెలు విప్పినారు, గొట్టాలు తిప్పినారు, అందరి మూతులకూ తెల్ల మాస్కులు. గోవర్ధన్ పక్కనే నడుస్తున్నాడు. ఆమె షెడ్డంతా తిరిగి, మాలకొండమ్మ రంపం దగ్గర ఆగి, ఫెబీని ఇంగ్లీషులో అడిగింది: రోజూ ఇట్లనే ఉంటుందా అని.

"మేడం, మీకు తెలుగు వచ్చా?" అంది ఫెబీ.

"వచ్చు. మాది నెల్లూరు వైపే."

"అయితే తెలుగులో చెప్తాను. వీళ్ళ సంగతి కదా, వీళ్ళకూ అర్థం కావాల." రంపం మీద పడే నీళ్ళ వైపు చెయ్యి చూపించింది. "ఈ పొద్దు ఉంది మేడం. నిన్న లేదు. రేపు ఉండదు. ఊళ్ళో నీళ్ళకు కరువు, అది నిజమే. కానీ దుమ్ము పీల్చి మా నాయన మంచాన పడినాడు, అదీ నిజమే."

రంపాలు ఆగిపోయినాయి. ఎవరు ఆపమన్నారో తెలియదు. గోవర్ధన్ ముఖం నల్లబడింది. మాలకొండమ్మ మాస్కు మీది నుంచి ఫెబీని చూసిన చూపులో మెప్పు లేదు, భయం ఉంది. ఆ భయం ఎందుకో నెల తిరగకుండానే అందరికీ తెలిసింది. కొనేవాళ్ళు సరుకు వద్దనలేదు గానీ, నీళ్ళ ఏర్పాటు అయ్యేదాకా కొత్త ఆర్డరు ఇచ్చేది లేదన్నారు. రెండు షెడ్లు మూతపడినాయి. ఫెబీ గది తలుపు మీది బోర్డు అంతకుముందే దిగిపోయింది. పట్టా మాత్రం బీరువాలోనే ఉంది.

మాలకొండమ్మ కాలనీకి వచ్చింది. గడప అవతలే నిలబడింది.

"పుష్పమ్మొదినా, నీ కూతురు చేసిన పనికి మా పొయ్యిలో పిల్లి పండుకుంది. నిజం చెప్పిందంట! మాకు తెలియదా ఆ నిజం? దగ్గేది మేము కాదా? తెలిసే పోతిమి గదా పనికి!"

పుష్పమ్మ కూతురి తరఫున ఏదో అనబోయింది. ఫెబీ అడ్డం వచ్చింది. "నన్ను అననీ అమ్మా."

"నీకు చదువుంది పాపా. ఇది పోతే ఇంకోటి. మాకేముంది?" అని కొంగు నోట్లో కుక్కుకొని దగ్గుకుంటా వెళ్ళిపోయింది.

లోపల మంచం మీద విశ్వాసం అంతా విన్నాడు. ఫెబీ చెప్పింది సరైందని గానీ కాదని గానీ ఆయన ఎప్పుడూ అనలేదు. ఆ రోజు మాత్రం అడిగినాడు. "పని పోయినోళ్ళకు ఏం చెప్తావమ్మా?"

ఫెబీ పని పోయినవాళ్ళ ఇళ్ళకు పోయింది. ఒకరు తిట్టినారు, ఒకరు తలుపు తీయలేదు, ఒకామె నీళ్ళిచ్చి కూర్చోబెట్టి తన పని తాను చేసుకుంది. ఆ ఎండాకాలమంతా ఫెబీ తల్లితోపాటు మిరపకాయలు ఏరే కూలికి పోయింది. చేలో ఆడవాళ్ళు "మేనేజరమ్మా" అని పిలిచేవాళ్ళు. మొదట్లో అది నొప్పి పుట్టేటట్టే అన్నారు, పోను పోను అలవాటుగా అన్నారు.

తొలకరి ముందు విశ్వాసం పోయినాడు. చివరి రోజుల్లో మాట్లాడటానికి ఊపిరి చాలక చేతులతోనే అన్నీ చెప్పేవాడు. సమాధుల దొడ్డికి మాలకొండమ్మ వచ్చింది. ఫెబీతో మాట్లాడలేదు. పుష్పమ్మ పక్కన నిలబడి, పాస్టరు గారు ప్రార్థన ముగించేదాకా ఆమె మోచెయ్యి పట్టుకొని ఉంది.

పట్టా కోసం ఫెబీ గోవర్ధన్ దగ్గరికి పోయింది. ఇవ్వడనుకొని, కార్మిక శాఖ ఆఫీసుకు పోవాల్సి వస్తుందనుకొని పోయింది. ఆయన బీరువా తెరిచి ఇచ్చేసినాడు.

"మీ నాయన సంగతి తెలిసింది. మా నాయన దగ్గర నమ్మకంగా చేసినాడు." బీరువా మూసినాడు. "నీ మీద కోపం లేదని చెప్పను. నీ వల్ల నాకు పోయింది తక్కువ కాదు. గుంట కట్టించినాను, చూసిపో."

చూసింది. సిమెంటు తొట్లు, ఒకదాని కింద ఒకటి. రంపాల కింద పారిన బూడిదరంగు నీళ్ళు మొదటి తొట్లో చిక్కగా, చివరి తొట్లో తేటగా ఉన్నాయి. మూతపడినవాటిలో ఒక షెడ్డు నడుస్తోంది. ఇంకొకటి తెరవలేదు. మాస్కులు కొందరు కట్టుకున్నారు, కొందరు మెడకు వేలాడదీసుకున్నారు. ఆమె కూర్చున్న గదికి కొత్త బోర్డు ఉంది. జీవన్ కుమార్, ఎంబీఏ. ఆ పిల్లవాడు లేచి నిలబడి నమస్కారం పెట్టినాడు. ఫెబీ తానూ నమస్కారం పెట్టి, "నీళ్ళు రోజూ వదులుతాండారా?" అని అడిగింది. "వదులుతాండారక్కా" అన్నాడు. అతని కళ్ళలోకి చూసి, నమ్మి, బయటికి వచ్చింది.

తర్వాత ఎన్ని చోట్ల అడిగిందో. పాత ఉద్యోగం ఎందుకు వదిలినావంటే చెప్పేది. విన్నవాళ్ళు తలూపి, కబురు చేస్తామనేవాళ్ళు. ఒంగోలులో ఒకాయన మొహం మీదే అన్నాడు. "నీ చదువుకు వంక లేదమ్మా. ఇట్లాంటి మనిషిని పెట్టుకొని మేం వ్యాపారం ఎట్ల చేసుకోవాల?"

దొనకొండలో గొర్రెలు, మేకలు పెంచేవాళ్ళంతా కలిసి ఒక కంపెనీ పెట్టుకున్నారు. దళారులకు అమ్మకుండా తామే సంతలకు తోలి అమ్ముకోవాలని. దాన్ని నడిపేదానికి డిగ్రీ చదివిన మనిషే ఉండాలని పై నుంచి నిబంధన. ఇంటర్వ్యూ స్టేషను దగ్గర ఒక రేకుల గదిలో. అధ్యక్షుడు అంకయ్య, తలపాగా చుట్టుకున్న ముసలాయన. పట్టాను చూసి పక్కన కూర్చున్న ఆడమనిషికి ఇచ్చినాడు. ఆమె ఇంకొకరికి ఇచ్చింది. అది గదంతా తిరిగి వచ్చింది.

"ఇది ఉండాలన్నారు, ఉంది" అన్నాడు అంకయ్య. "ఇంతకుముందు యాడ చేసినావు పాపా? ఎందుకు మానినావు?"

ఫెబీ అంతా చెప్పింది. షెడ్లు మూతపడినాయని, మనుషులకు పని పోయిందని, వాళ్ళలో కొందరికి ఇప్పటికీ లేదని కూడా చెప్పింది.

అంకయ్య గడ్డం నిమురుకున్నాడు. "మా దగ్గర తప్పు జరిగినా అట్లనే బయటోళ్ళకు చెప్తావా?"

"ముందు మీకు చెప్తాను తాతా. ఆయనకూ ముందే చెప్పినాను. మీరు సరిచేసుకోకపోతే, అడిగినోళ్ళకు దాచను."

గదిలో గుసగుసలు లేచినాయి. ఒకాయన ఇట్లాంటి పిల్ల వద్దన్నాడు. పట్టా మొదట అందుకున్న ఆడమనిషి మాత్రం, "తూకంలో దళారి మోసం చేస్తే గూడ ఇట్లనే అడుగుతాదిలే" అంది. చాలాసేపు వాదులాడుకున్నారు, ఫెబీని బయట కూర్చోబెట్టి. చివరికి అంకయ్య తొంగిచూసి, "సోమవారం రా. మూడు నెలలు చూస్తాం" అన్నాడు.

ఇప్పుడు ఆమె పొద్దున రైలుకు దొనకొండ పోతుంది. ఆ మూడు నెలలు గడిచి చాలా కాలమైంది. జీతం గోవర్ధన్ ఇచ్చినదానికంటే తక్కువే. ఎండలో సంతలు తిరగాలి, గొర్రెల బరువు దగ్గర గొడవపడాలి, సభ్యులే ఒకరి మీద ఒకరు చెప్పే చాడీలు వినాలి. కొన్ని సాయంత్రాలు రైల్లో కళ్ళు మూసుకొని నాయనను తలుచుకుంటుంది. పని పోయినోళ్ళకు ఏం చెప్తావని ఆయన అడిగినదానికి జవాబు ఆమెకు ఇంకా దొరకలేదు.

ఈ మధ్య మాలకొండమ్మ కూతురు గోపిక డిగ్రీ పూర్తిచేసి ఐసెట్ రాస్తానంటే, ఒంగోలులో పరీక్ష పెట్టేచోటు తెలియదని తల్లే వచ్చి ఫెబీని తోడు రమ్మంది. షెడ్డు మళ్ళీ తెరిచినప్పుడు మాలకొండమ్మను పిలవలేదు. ఇప్పుడు కట్టడాల దగ్గర ఇసుక మోస్తోంది. బస్సులో గోపిక అడిగింది.

"అక్కా, ఎంబీఏ చేస్తే ఉద్యోగం వస్తాదా?"

"ఇంటర్వ్యూకు పిలుస్తారు. ఎందుకు పిలిచినారో, నీతో ఏం చేయించుకోవాలని పిలిచినారో అది మాత్రం నువ్వే కనుక్కోవాల. పట్టా చెప్పదు."

గోపిక పరీక్ష హాల్లోకి పోయినాక ఫెబీ, మాలకొండమ్మ ప్రహరీ గోడ నీడలో కూర్చున్నారు. మాలకొండమ్మ డబ్బా విప్పి, చింతపండు పులిహోర మూతలోకి సగం తీసి ఫెబీ ముందుకు జరిపింది. తిన్నారు.

"కష్టమంటనా పేపరు?" అంది మాలకొండమ్మ.

"రాస్తాదిలే అత్తా."